మావాడిని ఏ డాన్సులో చేర్చాలి, బట్టలెక్కడ మార్చుకోవాలి

వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ మండపం దగ్గర తొమ్మిది రాత్రులూ మావాడు ఆగకుండా గెంతాడు. ఎనిమిదేళ్లు, మూడో క్లాసు. నిమజ్జనం రోజు ట్రాక్టర్ ముందు డప్పులు మొదలయ్యాక పెద్దపిల్లలందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తుంటే వీడొక్కడూ డప్పు కొట్టే పెద్దాయన ఎదురుగా నిలబడి, ఆయన దెబ్బ మార్చినప్పుడల్లా అడుగు మారుస్తున్నాడు. ఆయన చూసి చూసి, కావాలనే ఒక దెబ్బ ఎగ్గొట్టాడు. వీడు ఎత్తిన కాలు ఎత్తినట్టే గాల్లో ఆపేశాడు, మళ్లీ దెబ్బ పడేదాకా. ఆయన నవ్వి, "వీడికి ఏదన్నా నేర్పించమ్మా" అన్నాడు నాతో.

ఆ "ఏదన్నా" దగ్గరే చిక్కొచ్చిపడింది.

మా ఇంట్లో ఆ మాటకి మనిషికో అర్థం. మా ఆయనకి కరాటే. అత్తయ్యగారికి మృదంగం, ఎందుకంటే కూర్చుని చేసే పని, దెబ్బలు తగలవు. న్యూజెర్సీలో ఉన్న మా వదినకి భరతనాట్యం, వాళ్లమ్మాయికి మొన్న సమ్మర్‌లో ఆరంగేట్రం అయింది, ఆ ఆల్బమ్ ఇప్పటికీ వాట్సాప్‌లో విడతలవారీగా వస్తూనే ఉంది. మావాణ్ని అడిగితే "పాటలకి వేసే డాన్సు" అన్నాడు. నాకు మాత్రం మొదటినుంచీ కూచిపూడే. కారణం పెద్దదేం కాదు. మా పుట్టిల్లు పామర్రు దగ్గర. సెలవులకి చల్లపల్లి అమ్మమ్మగారింటికి వెళ్లే బస్సు కూచిపూడి మీదుగానే పోయేది. కండక్టర్ "కూచిపూడి, కూచిపూడి" అని అరవడం, ఎవరో ఇద్దరు బుట్టలతో దిగడం, కిటికీలోంచి చెరకురసం బండి కనిపించడం, రైట్ రైట్. ప్రపంచమంతా పేరున్న ఊరని స్కూల్లో చదువుకున్నాను గానీ ఆ బస్సు ఒక్కసారి కూడా దిగలేదు. నేర్చుకుంటానని ఓసారి ఇంట్లో అడిగితే నాన్న "ఆడపిల్లకి డాన్సులెందుకమ్మా" అన్నారు. పాతికేళ్ల తర్వాత అదే మాట మా మావయ్యగారు "మగపిల్లాడికి డాన్సులెందుకమ్మా" అని అన్నారు. ఆడపిల్లకీ వద్దు, మగపిల్లాడికీ వద్దు, మరి ఈ డాన్సులు ఎవరికోసం పెట్టారో నాకు అర్థం కాలేదు.

సరే, ఇక చూసుకుంటూ వెళ్లాం. మేం ఉండేది హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు. ఇక్కడ వీధికో డాన్స్ క్లాసు బోర్డు ఉంటుంది, కొన్నిచోట్ల ఒకే బోర్డు మీద కూచిపూడి, జుంబా, అబాకస్, హ్యాండ్‌రైటింగ్ అన్నీ ఉంటాయి.

మొదట వాడు అడిగిందే. మెయిన్ రోడ్డు మీద ఒక కాంప్లెక్సులో మూడో అంతస్తు, గోడంతా అద్దం, ఏసీ, కాళ్లకింద చెక్క ఫ్లోరింగ్. బాలీవుడ్, హిప్‌హాప్, తెలుగు మాస్ పాటలు, నెలకో పాట నేర్పిస్తారు. నేర్పే కుర్రాడు మంచివాడు, పిల్లలతో పిల్లాడిలా ఉండేవాడు, మావాడు అక్కడ సంతోషంగా ఉన్నాడన్నది అబద్ధం చెప్పను. మగపిల్లలు కూడా సగం మంది ఉన్నారు. కానీ మూడోసారి క్లాసుకి తీసుకెళ్లినప్పుడే నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఏడాది నుంచి వస్తున్న పిల్లాడూ, వారం కింద చేరిన మావాడూ ఒకేలా వేస్తున్నారు. ప్రతి నెలా కొత్త పాట, ప్రతి నెలా మళ్లీ మొదటినుంచి. పోయిన నెల నేర్చుకున్నది ఈ నెలకి మెట్టు కావట్లేదు. వ్యాయామానికి, సరదాకి, పుట్టినరోజు ఫంక్షన్లో సిగ్గుపడకుండా నాలుగు స్టెప్పులు వేయడానికి అది చాలు, చాలామందికి కావలసింది కూడా అంతే, అందులో తప్పేం లేదు. వీడు డప్పు దెబ్బ ఎగ్గొడితే కాలు గాల్లో ఆపిన పిల్లాడు కాబట్టి నాకు ఇంకాస్త ఆశ పుట్టింది, అంతే. అడ్మిషన్, కాస్ట్యూమ్, యాన్యువల్ షో అన్నీ కలిపి ముందే కట్టించుకున్నారు. మానేస్తామంటే కాస్ట్యూమ్ డబ్బులు వెనక్కి రావన్నారు. అలా వచ్చిన మెరుపుల జాకెట్ ఒకటి మా బీరువాలో ఉంది, తలుపు తీసినప్పుడల్లా నన్ను చూసి మెరుస్తుంది.

తర్వాత భరతనాట్యం. వదిన ఫోన్ చేసిందని కాదు గానీ (కొంత అదీ ఉంది), మా వెనక కాలనీలో ఒక తమిళ టీచర్‌గారు ముప్పై ఏళ్లుగా చెబుతున్నారని అందరూ అన్నారు. ఆవిడ ఇంటి మేడమీద హాలు, సిమెంటు నేల. కింద కూర్చుని చెక్క మీద కర్రతో తాళం వేస్తూ "తెయ్యా తెయ్" అంటుంటే ఇరవై రెండు మంది అమ్మాయిలు ఒకేసారి కాళ్లు తడుతున్నారు, అదే అడవు, అంటే అడుగుల వరుస, మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో, ఒక్కో కాలానికీ వేగం పెంచుతూ. మూడోదానికి వచ్చేసరికి మేడ మొత్తం మద్దెల అయిపోయింది. మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆవిడ వాణ్ని ఆరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు, నిలబెట్టి, మోకాలి మీద అరచెయ్యి పెట్టి మెల్లిగా పక్కకి తిప్పి, "మోకాలు కాదు కన్నా, తొడ మొదలు నుంచి తిప్పు, లేకపోతే నాలాగా నలభై ఏళ్లకే మెట్లు దిగలేవు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆవిడ మీద నాకు గురి కుదిరింది. డాన్స్ క్లాసు చూడ్డానికి వెళ్తే మీరూ ఇదే చూడండి, టీచర్ పిల్లల మోకాళ్ల వైపు చూస్తున్నారా లేదా అని. గ్రానైట్ పలకల మీద గంటసేపు కాళ్లు బాదిస్తూ ఫోన్ చూసుకుంటున్నవాళ్లని కూడా చూశాను ఇంకోచోట.

భరతనాట్యం అంటే మనది కాదు, అరవ్వాళ్లది అని మా ఇంట్లో ఒక అభ్యంతరం వచ్చింది. ఆవిడే నవ్వి చెప్పారు, "నేను నేర్పే పదాల్లో, అంటే అభినయించే పాటల్లో, సగం మీ క్షేత్రయ్యవే, మీ భాషలోనే ఏడవాలి మేము" అని. నిజమే కదా. మువ్వగోపాలుడి పదాలు రాసిన క్షేత్రయ్యది కూచిపూడి పక్కనున్న మొవ్వ. భరతనాట్య ప్రదర్శనలో మొదట వచ్చే అలారింపు నుంచి చివర వచ్చే తిల్లానా దాకా ఇప్పుడు అందరూ ఆడే వరుసని కుదిర్చిన తంజావూరు అన్నదమ్ములు నలుగురూ, చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు, తెలుగులో కూడా వర్ణాలు, అంటే నాట్యానికి ఆడే పెద్ద పాటలు, కట్టారు. అరవ్వాళ్ల పిల్లలు అర్థం అడిగి తెలుసుకుని అభినయించే పాట మన పిల్లలకి వినగానే అర్థమవుతుంది. ఈ లెక్కన మనది, వాళ్లది అనే గొడవతో స్టైల్ ఎంచుకోవడం దండగ.

మరి అక్కడే ఎందుకు చేర్చలేదు అంటే, బాత్రూమ్.

వాడు స్కూల్ వ్యాన్ దిగి నేరుగా క్లాసుకి వెళ్లాలి. యూనిఫామ్ మార్చుకుని కుర్తా పైజామా వేసుకోవాలి. అమ్మాయిలందరూ లోపల బెడ్రూమ్‌లో మార్చుకుంటారు. వీణ్ని "నువ్వు బాత్రూమ్‌లోకి వెళ్లు నాన్నా" అన్నారు. అందులో తలుపు వెనక కొక్కెం ఊడిపోయి ఉంది. వీడు కుర్తా భుజం మీద వేసుకుని, నిక్కరు నోట్లో కరుచుకుని, ఒంటికాలి మీద పైజామా ఎక్కిస్తుంటే నిక్కరు బకెట్లో పడింది. దాన్ని తియ్యబోతే కుర్తా కూడా. తడి కుర్తాతో బయటికొచ్చాడు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కిసుక్కున నవ్వారు, పిల్లలు కదా, ఎవరైనా నవ్వుతారు. తర్వాతి క్లాసుకి కడుపునొప్పి. దాని తర్వాతి క్లాసుకి తలనొప్పి. మూడోసారి గట్టిగా అడిగితే బయటపడింది.

ఇంకొకటి కూడా ఉంది. టీచర్‌గారు ఎంతో సంతోషంగా, "మగపిల్లాడు దొరకడమే కష్టమమ్మా, ఇక కృష్ణుడు వేషం వీడిదే" అన్నారు. మొదట పొంగిపోయాను. ఆ రాత్రి ఆవిడ పాత ప్రోగ్రాముల వీడియోలు యూట్యూబ్‌లో చూస్తే ఒక్కో దాంట్లో ఒక్కో కృష్ణుడు, మధ్యలో పిల్లనగ్రోవి పట్టుకుని కాలు మెలేసి నిలబడి ఉన్నాడు, చుట్టూ పదిహేను మంది గోపికలు ప్రాణం పెట్టి ఆడుతున్నారు. ఆ కృష్ణుళ్లు ఎవరూ రెండో ఏడాది కనబడలేదు. స్తంభంలా నిలబడే పనికి ఎవరుంటారు రెండేళ్లు?

అప్పుడు మా ఆయన, కరాటే వదులుకుని, పేరిణి అన్నాడు. "అది మగవాళ్లదే, ఎవరూ ఏమీ అనరు" అని. ఆయనది వరంగల్లులో ఇంజనీరింగ్ చదువు, రామప్ప గుడి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. కాకతీయుల కాలంలో యుద్ధానికి వెళ్లేముందు వీరులు శివుడి ముందు ఆడేవారని చెప్పుకునే నాట్యం, తర్వాత మరుగునపడిపోతే నాట్యగురువు నటరాజ రామకృష్ణగారు కాకతీయుల సేనాని జాయప రాసిన నృత్త రత్నావళి అనే నాట్యగ్రంథం చదివి, రామప్ప గుడి శిల్పాల భంగిమలు చూసి, మళ్లీ నిలబెట్టారు. 1213 నాటి గుడి అది, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఈ కథ మావాడికి చెప్తే కళ్లు వెలిగాయి, యుద్ధం అన్న మాట ఉంది కదా మరి. ఒక ఆదివారం పేరిణి నేర్పేచోటికి తీసుకెళ్లాం. పెద్ద డప్పులు, శంఖం, కుర్రాళ్లు నేల అదిరేలా అడుగులు వేస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది. కానీ అక్కడ అందరూ పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లు. గురువుగారు వీణ్ని చూసి, "ఇంకో మూడు నాలుగేళ్లు ఏదో ఒక క్లాసికల్ చేయించి తీసుకురండి, ఒంట్లో కాస్త బలం రావాలి" అన్నారు. పైగా మాకు వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. వారానికి రెండుసార్లు అలా తిప్పే ఓపిక ఎవరికైనా మూడు నెలలే ఉంటుంది, తర్వాత పిల్లాడికి ఇష్టం పోయిందని మనమే చెప్పుకుంటాం. దూరం సంగతి అందరూ తేలిగ్గా తీసేస్తారు గానీ, నా లెక్కలో స్టైల్ కన్నా ముందు చూడాల్సింది అదే.

ఇక మావయ్యగారితో వాదన. అది జరిగిన రాత్రి నేను బాగా ప్రిపేరై ఉన్నాను. కూచిపూడి అసలు మగవాళ్ల విద్యేనండీ, సిద్ధేంద్ర యోగి సత్యభామ కథతో భామాకలాపం అనే నాట్యరూపకం రాసి, ఆ ఊళ్లో ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడట, ఆడవాళ్లు గజ్జె కట్టడం మొన్నమొన్నటి సంగతి, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకి చెప్పడం మొదలుపెట్టాక, వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టి వందలమందికి నేర్పాక కదా ఇది ఆడపిల్లల డాన్సు అయింది, వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టే 1970లో పద్మశ్రీ తెచ్చుకున్నారు, అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. భరతనాట్యంలో అయితే పాతరోజుల్లో నేర్పే నట్టువనార్లు మగవాళ్లు, ఆడేవాళ్లు ఆడవాళ్లు, మన దగ్గర ఆడేవాళ్లే మగవాళ్లు అని కూడా కలిపాను.

మావయ్యగారిది దివిసీమ. అంతా విని, పేపరు మడిచి పక్కన పెట్టి, "నాకు చెబుతావేంటమ్మా, నేను చూశాను" అన్నారు. ఆయనకి పదేళ్లప్పుడు వాళ్ల ఊరి రామాలయం ముందు కూచిపూడి ఆడే భాగవతులు వచ్చి ఆడారట. పెట్రోమాక్స్ లైట్లు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే, తెర మీదుగా ముందు జడ ఒక్కటే బయటికి పడిందట. ఆ జడ చూసే జనం ఈలలు. తెల్లారి ఆట అయ్యాక చెరువుగట్టున ఒకాయన వేపపుల్లతో పళ్లు తోముకుంటూ కనిపిస్తే, రాత్రి సత్యభామ ఆయనేనని ఎవరో చెప్పారట, ఈయన నమ్మలేదట. చెబుతూ చెబుతూ మావయ్యగారు జడ ఎలా పడిందో చేత్తో చూపించారు కూడా. నేను గెలిచాననుకున్నాను. చివర్లో పేపరు మళ్లీ తీసి, "అయినా అది వేరు. వాళ్లకి అది ఇంటి విద్య, వాళ్ల ఊరంతా అదే. మనవాడు రేపు స్కూల్లో ఏం చెప్పుకుంటాడు?" అన్నారు.

కోపం వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పిన చరిత్రంతా పెద్దవాళ్లతో వాదించడానికి పనికొచ్చేది. ఇరవై రెండు మంది అమ్మాయిల మధ్య ఒక్కడే తడి కుర్తాతో నిలబడిన పిల్లాడికి సిద్ధేంద్ర యోగి ఏం సాయం చేస్తాడు? అప్పటినుంచి క్లాసులకి ఫోన్ చేసినప్పుడు నా ప్రశ్నలు మారిపోయాయి. ఏ బాణీ, ఎన్నేళ్ల కోర్సు, సర్టిఫికెట్ ఎవరిస్తారు అని కాకుండా, మీ దగ్గర మగపిల్లలు ఎంతమంది, వాళ్లెన్నేళ్లుగా వస్తున్నారు, బట్టలెక్కడ మార్చుకుంటారు, ప్రోగ్రాముల్లో వాళ్లకి ఏం వేషాలిస్తారు. ఫోన్లో కొందరు నవ్వారు. ఒకావిడ "కృష్ణుడే అండీ" అన్నారు వెంటనే. సరేనండీ, ఉంటానన్నాను.

నాలుగో ఐదో ఫోన్‌కి ఒక మాస్టారు, "మగపిల్లలు ముగ్గురున్నారు, ఒకడు ఆరేళ్లుగా వస్తున్నాడు, మీరు శుక్రవారం వచ్చి చూడండి" అన్నారు. ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సాయంత్రాలు హాలు తీసుకుని చెబుతారు. స్కూలు కాబట్టి బాయ్స్ టాయిలెట్ వేరే ఉంది, క్లాస్‌రూములు ఖాళీగా ఉంటాయి, మగపిల్లలు 4బి లోకి వెళ్లి బెంచీల మీద బట్టలు పెట్టుకుని మార్చుకుంటారు. నా సమస్య సగం ఆ 4బి తోనే తీరిపోయింది.

మిగతా సగం మాస్టారు తీర్చారు. మేం వెళ్లిన రోజు పెద్దపిల్లలకి సత్యభామ ప్రవేశం చెబుతున్నారు. ఆయనకి యాభై ఉంటాయి, గళ్ల చొక్కా, ప్యాంటు మడమల పైకి మడిచి ఉంది, రెండ్రోజుల గడ్డం, చిన్న బొజ్జ. ఒకమ్మాయి నడక సరిగ్గా రావట్లేదని లేచి, "చూడు" అని, లేని జడని భుజం మీంచి ముందుకి వేసుకున్నారు. వేసుకుని నాలుగడుగులు నడిచారు. నేనేం వర్ణించలేను, బొజ్జ ఎటుపోయిందో, గడ్డం ఎటుపోయిందో తెలీదు, అలిగిన పెద్దింటి ఆడపిల్ల ఒకత్తి ఆ హాల్లోంచి నడిచి వెళ్లింది. ఐదో అడుగుకి మళ్లీ మాస్టారైపోయి, "నడుం కాదు తిప్పేది, చూపు ముందెళ్లాలి, ఆ తర్వాతే నడుం" అని కూర్చుని మంచినీళ్లు తాగారు. మావాడు నా చెయ్యి వదిలేసి ఆయన దగ్గరికెళ్లి, "సర్, ఇప్పుడు మీరు అమ్మాయా?" అని అడిగాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం మామూలుగా, "ఇందాక. ఇప్పుడు కాదు. నువ్వు ఏం అవుతావు?" అన్నారు. వీడు ఆలోచించి "పులి" అన్నాడు. "సరే, పులి ఎలా నిలబడుతుందో చూపించు" అన్నారు. క్లాసు అలా మొదలైంది.

కూచిపూడిలో నాకు నచ్చిన ఇంకో విషయం చెప్పాలి, ఇది పిల్లాణ్ని బట్టి ఉంటుంది. మావాడు నోరు మూయడు. బాత్రూమ్‌లో కూడా ఏదో ఒక కథ చెప్పుకుంటూ రెండు గొంతులు మార్చి మాట్లాడుతుంటాడు. పాత కూచిపూడి కలాపాల్లో పాత్రలు ఆడుతూనే మాట్లాడతాయి, పాడతాయి, చెలికత్తె మాధవి సత్యభామని ఆటపట్టిస్తూ ప్రశ్నలడుగుతుంటే ఆవిడ జవాబులిస్తుంది. మా పక్కింటి అమ్మాయి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, తక్కువ మాట్లాడుతుంది, ఏ పనైనా గీత గీసినట్టు చేస్తుంది, లెక్కలంటే ప్రాణం. ఆ పిల్లని భరతనాట్యం టీచర్‌గారి దగ్గరే చేర్చమని నేనే చెప్పాను, చేర్చారు, మూడు కాలాలూ గడియారంలా వేస్తోందట. స్టైల్ ఎంచుకోవడంలో నాకు తెలిసిన తెలివి ఇంతే, పిల్ల ఊరికే ఉన్నప్పుడు ఏం చేస్తోందో వారం రోజులు గమనించడం.

దసరాకే చేర్చాలనుకున్నాం గానీ ఈ తిరుగుళ్లలో కుదరక, దీపావళి దాటాక కార్తీకమాసంలో ఒక శుక్రవారం చేర్చాం. నెలకి 1,800, వారానికి రెండు క్లాసులు. అడ్మిషన్ ఫీజు లేదు, తమలపాకుల్లో దక్షిణ పెట్టి దణ్ణం పెట్టుకోవడమే. సర్టిఫికెట్ల సంగతి అడిగితే, కావాలంటే తర్వాత తెలుగు యూనివర్సిటీ పరీక్షలో, రాంకోటిలోని గవర్నమెంట్ మ్యూజిక్ కాలేజీ కోర్సో చూసుకోవచ్చు, ముందు అడుగులు రానివ్వండి అన్నారు. గజ్జెలు ఇప్పుడే కొనొద్దన్నారు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసిన నేను గుట్టుగా క్యాన్సిల్ చేశాను. పిల్లలందరిలాగే వీడి మొదటి ప్రశ్న కూడా ఇత్తడి పళ్లెం ఎక్కి తరంగం ఎప్పుడు ఆడతాను అనే. మాస్టారు "ముందు మీ అమ్మ పెట్టే పళ్లెం ఖాళీ చెయ్యి" అన్నారు. ఈ ఒక్క మాటకి ఆయనకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను, వంకాయ కూర తింటున్నాడు.

మావయ్యగారు భయపడ్డట్టే స్కూల్లో అయింది. వ్యాన్‌లో ఒక ఐదో క్లాసువాడు సంచిలో తెల్ల కుర్తా చూసి, నువ్వు అమ్మాయిల డాన్సు నేర్చుకుంటున్నావా అని చేతులు తిప్పి వెక్కిరించాడట. వారం రోజులు రోజూ. మావాడు సంచి మార్చమన్నాడు, బయటికి కనిపించని సంచి కావాలన్నాడు. నేను కూర్చోబెట్టి సిద్ధేంద్ర యోగి కథ చెప్పాను, బాగా చెప్పాను కూడా. శ్రద్ధగా విని, "కానీ అది వాడికి తెలీదు కదమ్మా" అన్నాడు. నా దగ్గర మళ్లీ జవాబు లేదు.

జవాబు క్లాసులో ఆరేళ్లుగా వస్తున్న ఆ పెద్దకుర్రాడు చెప్పాడు. తొమ్మిదో క్లాసు, మీసాలు మొలుస్తున్నాయి, స్కూల్లో కబడ్డీ కూడా ఆడతాడట. 4బి లో బట్టలు మార్చుకుంటున్నప్పుడు వీడు చెప్పుకున్నాడు. "నన్ను కూడా అనేవాళ్లురా. వాణ్ని మండిలో కూర్చోమను, నూరు అంకెలు లెక్కపెట్టు, నువ్వూ కూర్చో" అన్నాడట. సోమవారం సాయంత్రం మా సెల్లార్ పార్కింగ్‌లో పందెం. వ్యాన్ పిల్లలు ఆరుగురు సాక్షులు, వాచ్‌మన్ అంకెలు లెక్కపెట్టాడు. ఐదో క్లాసువాడు ముప్పై నాలుగు దగ్గర గోడ పట్టుకున్నాడు. మావాడు నూరు పూర్తి చేసి, కాళ్లు వణుకుతున్నా లేవకుండా నూటపది దాకా కూర్చున్నాడట. వాచ్‌మన్ నాకు లిఫ్ట్ దగ్గర చెప్పాడు ఇదంతా, వీడు చెప్పలేదు. వెక్కిరింపులు పూర్తిగా పోలేదు, కొంచెం తగ్గాయి. సంచి మాత్రం పాతదే తీసుకెళ్తున్నాడు.

మొన్న సంక్రాంతికి పామర్రు వెళ్లినప్పుడు కూచిపూడిలో ఆగుదామనుకున్నాం, పండగ రద్దీలో కారు పెట్టే చోటు దొరక్క ఈసారీ కిటికీలోంచే చూసి వచ్చేశాం. మావాడు కనుమ రోజు పెరట్లో అడుగులు వేస్తుంటే మా నాన్న, ఆడపిల్లకి డాన్సులెందుకన్న ఆయనే, ఫోన్‌లో వీడియో తీసుకున్నారు. నేను ఏమీ అనలేదు, పండగ పూట కదా.

ఇక్కడ మంగళవారం, శుక్రవారం వాణ్ని స్కూటీ మీద క్లాసుకి దింపేది మావయ్యగారే. నాకు ఆఫీసు కుదరక అడిగితే మొదట సణిగారు, ఇప్పుడు ఐదింటికే చెప్పులేసుకుని కూర్చుంటారు. లోపలికి వెళ్లరు, హాలు బయట మెట్ల మీద కూర్చుంటారు. పోయిన శుక్రవారం వచ్చి కాఫీ తాగుతూ, "మీ మాస్టారు తాళం మరీ జోరుగా వేస్తున్నాడమ్మా, చిన్నపిల్లలకి అందట్లేదు, ఓ మాట చెప్పు" అన్నారు. మీరే చెప్పండి మావయ్యా అన్నాను. ఈ శుక్రవారం చెప్తారట.